టిక్కు చూస్తే అడగొద్దు

సోమవారం పొద్దున మేనేజరు ఫోను పట్టుకుని కార్ఖానా ప్లాస్టరు గదిలోకి వచ్చాడు. మేస్త్రి చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. బల్ల మీద మూస ఒకటి ఆరుతోంది. కాలు పోయినవాళ్ల మొండికి తడి ప్లాస్టరు పట్టీ చుట్టి, గట్టిపడ్డాక జారిస్తే వచ్చే గుల్లను అక్కడ మూస అంటారు. అందులో మళ్లీ ప్లాస్టరు పోస్తే మొండి ఆకారంలో దిమ్మ తయారవుతుంది. ఆ దిమ్మను చెక్కి, దిద్ది, దాని మీద సాకెట్ పోస్తారు. కృత్రిమ కాలిలో మనిషి మొండి దిగేది ఆ సాకెట్‌లోకే.

"బావా, చేతులు కడుక్కుని రా. ఒకటి చూపిస్తా."

"ఖాళీ లేదు. చదువు."

మేనేజరు మేస్త్రి భార్యకు తమ్ముడు. ఆమె పోయి నాలుగేళ్లయింది. చుట్టరికంలో పిలుపు ఒక్కటే మిగిలింది.

"డెడికేటెడ్ సర్వర్. ఇప్పుడున్నదాంట్లోలా పదిమందితో పంచుకోవడం కాదు, మెషీను మొత్తం మనకే. పదహారు కోర్లు, అరవై నాలుగు జీబీ మెమరీ, నాలుగేసి టీబీల డిస్కులు రెండు. అద్దె ఇప్పుడు కట్టేదాంట్లో మూడో వంతు. ఏడు రోజులు ఊరికే వాడి చూడొచ్చు."

"మూడో వంతుకి ఎవడిస్తాడు?"

"ఇచ్చేవాడున్నాడు కాబట్టే చెబుతున్నా."

"ఇచ్చేవాడికేం పోయేకాలం వచ్చింది?"

పక్క గదిలో కుట్టుమిషను ఆగింది. బెల్టుల అక్క నవ్వు వినబడింది. కాళ్లకు పట్టీలూ బెల్టులూ కుట్టే ఆమెకు ఈ గోడ ఉన్నా లేనట్టే.

"ఈయనకి ఊరికే దేవుడు కనబడినా గుర్తింపు కార్డు అడుగుతాడు," అంది ఆమె అక్కడి నుంచే.

"మా అక్క ఎలా వేగిందో," అన్నాడు మేనేజరు.

మేస్త్రి తొట్టిలో చేతులు ముంచి, ఒక్కో వేలూ రుద్దుకున్నాడు. మేనేజరు కాస్త తగ్గాడు.

"నీ పేరు మీదే తీసుకున్నా బావా. లాగిన్ నీకు పంపా. కంప్యూటర్ల పని తెలిసింది నీకొక్కడికే కదా. చూడు. బాగుంటే ఉంచు, బాగోకపోతే వద్దని నువ్వే కొట్టెయ్. నా దాకా తేవద్దు."

వెళ్లబోతూ గుమ్మం పక్కనున్న నల్లబల్ల వైపు చూశాడు. దాని మీద పని నంబర్లు వరసగా ఉంటాయి. దిమ్మ దిగి, కొలత సరిపోయిందని మేస్త్రి చూసుకున్నాక నంబరు పక్కన సుద్దతో టిక్కు పెడతాడు. టిక్కు కనబడితే దగ్గరున్నవాళ్లెవరైనా చెక్క సుత్తి తీసి మూసను పగలగొట్టాలి. బల్ల ఖాళీ కావాలి. ఒక నంబరు పక్కన టిక్కు ఉంది. మేనేజరు ఇస్త్రీ చొక్కాతోనే సుత్తి తీసుకుని ఆ నంబరు మూస మీద నాలుగు దెబ్బలు వేశాడు. గుల్ల పెచ్చులుగా ఊడిపోయింది. లోపల దిమ్మ తడిగా మెరిసింది.

"అలవాటు ఇంకా పోలేదు," అన్నాడు చొక్కా దులుపుకుంటూ. ఈ కార్ఖానాలో అతని మొదటి ఉద్యోగం అదే.

"గట్టిగా కొట్టావు," అన్నాడు మేస్త్రి.

సర్వర్‌లో ఉన్నవి ఆకారాలు. మేస్త్రి దిద్దిన ప్రతి దిమ్మనూ స్కానరు కింద తిప్పి కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఆ తర్వాత దిమ్మ కూడా చెత్తలోకే పోతుంది, దాచుకునే చోటు లేదు. సాకెట్ అరిగినా పగిలినా ఆ మనిషి మళ్లీ ఇంత దూరం రానక్కర్లేదు. చెక్కే యంత్రం పాత ఆకారాన్నే మళ్లీ చెక్కుతుంది, కొత్త సాకెట్ పార్సిల్‌లో పోతుంది. పదకొండేళ్లలో ఎనిమిది వేల పైచిలుకు ఆకారాలు. కార్ఖానాలోనే ఇంకో నకలు పెట్టుకునే డిస్కు ఒకటుండేది. ప్లాస్టరు దుమ్ముకి రెండేళ్ల కిందట చచ్చింది. కొత్తది కావాలని మేస్త్రి మూడుసార్లు రాసిచ్చాడు. "సర్వర్ ఉందిగా," అని మూడుసార్లూ తిరిగొచ్చింది.

మధ్యాహ్నం అతను కొత్త మెషీన్‌లోకి వెళ్లాడు. ప్రకటనలో పెద్దక్షరాలు వదిలేసి చిన్నవి చదివాడు. ఆ అద్దె మొదటి మూడు నెలలకే. ప్రాసెసర్ పదేళ్ల నాటిది. డిస్కు పాడైతే డెబ్బై రెండు గంటల్లో మారుస్తారు, అందులో ఉన్నదానికి పూచీ లేదు. వద్దనుకుంటే మెషీను అప్పటికప్పుడే తుడిచి ఇంకొకరికి ఇస్తారు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాడు. కానీ దిమ్మ మంచిదో కాదో కాగితం చెప్పదు. వేలి కణుపుతో కొట్టి వినాలి. ఖాళీ మెషీన్‌ని ఎంత పరీక్షించినా ఖాళీ మోతే వస్తుంది. మన బరువు దాని మీద పెడితేనే తెలుస్తుంది. పాత సర్వర్ నుంచి ఆకారాలన్నీ కొత్తదానిలోకి నకలు పెట్టాడు. రెండు రోజులు పడుతుందని చూపించింది.

నల్లబల్ల మీద అన్ని నంబర్ల కిందా 'సర్వర్' అని రాశాడు. పనులన్నీ అక్కడే రాయడం అతని అలవాటు.

మంగళవారం కండక్టరమ్మ ఫోను చేసింది. కొండదారి బస్సులో టికెట్లు కొట్టే మనిషి. ఎడమ మోకాలి కింద కాలు లేదు. ఆ మొండిలో ఎముక ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎలా పోసినా పుండు పడేది. ఏడాదిలో తొమ్మిదిసార్లు వచ్చింది, తొమ్మిదిసార్లు మేస్త్రి దిమ్మను దిద్దాడు. ఒకసారి గోరంత, ఒకసారి గోరులో సగమంత. తొమ్మిదోసారి లేచి నిలబడి, రెండడుగులు వేసి, ఏమీ అనకుండా గది చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"మేస్త్రిగారూ, మీరు చేసిన కాలు నన్ను వదిలేసింది."

"ఏమైందమ్మా?"

"నిలువునా పగిలి రెండు చెక్కలైంది. బస్సు మెట్టు మీద. డ్రైవరు నన్ను చూసి కాదు, కాలిని చూసి ఏడ్చాడు."

మేస్త్రి నవ్వలేదు కానీ, ముఖం సడలింది.

"ఎన్నాళ్లు సెలవు పెట్టావు?"

"నెలాఖరు దాకా. ఆ తర్వాత కూడా రాకపోతే డిపోలో కూర్చోబెట్టి కాగితాలు కుట్టిస్తారట. కూర్చోబెట్టారంటే ఇక లేపరు మేస్త్రిగారూ. నాకంటే ముందు ఇద్దరిని అలాగే కూర్చోబెట్టారు."

"వచ్చే బుధవారానికల్లా నీ చేతిలో ఉంటుంది."

"ఈ చెక్కలు పంపనా?"

"చెత్త ఎందుకమ్మా, పారెయ్. నీ కాలు నా దగ్గరుంది."

ఆ మాట అతను చాలామందికి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అతనికి బాగుండేది. అతనికి బాగుండేవి ఇంకెన్నో లేవు.

సాకెట్ ప్లాస్టిక్ శుక్రవారం గానీ రాదు. శనివారం చెక్కిద్దామని ఆమె నంబరును నల్లబల్ల మీద 'సర్వర్'కి కింద రాశాడు.

బుధవారం పొద్దున నకలు పూర్తయింది. లెక్క సరిపోయింది. అక్కడొకటి అక్కడొకటి తెరిచి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాడు. కండక్టరమ్మది కూడా. ముందువైపు ఎముక దగ్గర తొమ్మిదోసారి తీసిన గుంట అలాగే ఉంది. కార్ఖానాలో కంప్యూటర్లన్నీ కొత్త మెషీన్ వైపు తిప్పాడు. రెండు రోజులు పని దాని మీదే జరగాలి, అప్పుడు బయటపడుతుంది దాని బండారం. గదిలోకి వచ్చి నల్లబల్ల మీద 'సర్వర్' పక్కన టిక్కు పెట్టాడు. సుద్ద విరిగింది. ముక్కని జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం డబ్బా తింటూ డిస్కుల వయసు చూశాడు. డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో దానిలోనే రాసి ఉంటుంది. మొదటిది యాభై రెండు వేల గంటలు. ఆరేళ్లు ఆగకుండా. రెండోది నూట పది గంటలు చూపించింది. ఆ రకం డిస్కులు తయారు చెయ్యడం మానేసి ఐదేళ్లయింది. పాత స్కూటరు మీటరు వెనక్కి తిప్పి అమ్మినట్టు ఎవడో తిప్పాడు. ఇంకో పట్టికలో పాడైన చోట్ల సంఖ్య ఉంటుంది, తిప్పినవాడు దాన్ని మరిచిపోయాడు. ఎనిమిది.

అమ్మినవాళ్లకు సందేశం పెట్టాడు. గురువారం జవాబొచ్చింది. 'మీ నమ్మకానికి ధన్యవాదాలు. డిస్కు ప్రస్తుతం పనిచేస్తోంది.' ఆ వేళకి ఎనిమిది ఇరవై నాలుగైంది.

శుక్రవారం పొద్దున యాభై ఆరు.

"చూడు అక్కా," అన్నాడు బెల్టుల అక్కని పిలిచి. అతను ఎవరినీ ఏదీ చూడమని పిలవడు, అందుకని ఆమె మిషను వదిలి వచ్చింది. "ఎనిమిది, ఇరవై నాలుగు, యాభై ఆరు. బరువు మోస్తున్నకొద్దీ పగుళ్లు పెరుగుతున్నాయి. ఇంకో నెల. ఎక్కువైతే రెండు."

"అంటే మంచి బేరం కాదన్నమాట."

"చచ్చేదాన్ని కడిగి పూలు పెట్టి అమ్ముతున్నాడు."

"మరి మీ బావమరిది మూడో వంతుకి వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడుగా."

"చెప్పుకోనీ."

ఒక పేజీ నివేదిక రాశాడు. అతని రాత పొలం గట్టులా తిన్నగా ఉంటుంది. డిస్కుల వయసు, తిప్పిన మీటరు, మూడు రోజుల సంఖ్యలు, చిన్నక్షరాల్లో ఉన్నవి. కింద ఒక్క వాక్యం: ఈ బేరం తీసుకోదగినది కాదు. సంతకం. మేనేజరు ఆ రోజు సెలవు. నివేదికని అతని బల్ల మీద గాజుబిళ్ల కింద పెట్టాడు, గది గుమ్మంలోంచే కనబడేలా.

సాయంత్రం ఐదింటికి లాగిన్ తెరిచాడు. 'వద్దు' అనే మీట ఎర్రగా ఉంది.

"ఆయనకో మాట చెప్పవయ్యా ముందు," అంది బెల్టుల అక్క సంచి సర్దుకుంటూ.

"నా దాకా తేవద్దన్నాడు."

"అన్నాడులే. అన్నవన్నీ పట్టుకుంటామా?"

మేస్త్రి మీట నొక్కాడు. నిజంగానా అని అడిగింది. నిజమే అన్నాడు. పొరపాటు పనిని ముక్కలు చేసి తొట్టిలో వేసినప్పుడు ఉండే తృప్తి అతని ముఖంలో కనబడింది. కంప్యూటర్లని తిరిగి పాత సర్వర్ వైపు తిప్పి, దీపాలు ఆర్పి వెళ్లిపోయాడు. పాతది ఒకసారి తెరిచి చూడాలని తట్టలేదు. పదకొండేళ్లుగా అది గోడలా ఉంది. బయటికెళ్లేటప్పుడు గోడ ఉందో లేదో ఎవరు చూసుకుంటారు?

శనివారం కొత్త ప్లాస్టిక్ రేకు కొలిచి, కోసి, పొయ్యి పక్కన పెట్టి, కండక్టరమ్మ ఆకారం తెరవబోయాడు. తెరుచుకోలేదు. తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టి చూశాడు. ఇంకో కంప్యూటరు నుంచి చూశాడు. పాత సర్వర్ వాళ్లకి ఫోను చేశాడు. అవతల ఆడపిల్ల మర్యాదగా మాట్లాడింది.

"బుధవారం మీరే మూసేశారండి. మధ్యాహ్నం రెండున్నరకి."

"నేను కాదు."

"మేనేజరుగారి లాగిన్ నుంచండి. గడువు తీరాక మూసెయ్యాలా, వెంటనేనా అని అడిగాం. వెంటనే అని పెట్టారు. వెంటనే అంటే చెరిపేస్తామండి. ఆ సంగతి కూడా రాసి చూపిస్తాం."

మేస్త్రి రెండోవాళ్లకి, నిన్న వద్దన్నవాళ్లకి, సందేశం పెట్టాడు. ఈసారి జవాబు పది నిమిషాల్లో వచ్చింది. తుడిచేశామన్నారు. నమ్మకానికి ధన్యవాదాలు చెప్పారు.

అతను కుర్చీలో కూర్చోలేదు. పొయ్యి కట్టేశాడు. కోసిన రేకుని తీసి గోడకి ఆనించాడు.

మేనేజరు పదకొండింటికి వచ్చాడు. నివేదిక చదువుతూనే ప్లాస్టరు గదిలోకి నడిచాడు.

"వద్దని రాశావేంటి బావా? దాంట్లోకి అన్నీ దించేశావుగా."

"పాతది ఎందుకు మూశావు?"

"గురువారం నుంచి పాతదానికి ఇంకో నెల అద్దె పడేది. టిక్కు చూశా. మూసేశా."

"టిక్కు పరీక్షకి."

"నాకెలా తెలుస్తుంది? దిమ్మ దిగింది, సరిపోయింది, టిక్కు పడింది. ఇంక మూసెందుకు?"

"ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

మేనేజరు కాగితం మడిచాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అడిగితే కొట్టావు కదా బావా. మొదటి వారంలో. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. 'పగలగొట్టమంటారా?' అని అడిగా. తల మీద మొట్టి, 'టిక్కు చూస్తే నన్ను అడగొద్దు, కొట్టు' అన్నావు. అప్పటినుంచి ఎప్పుడైనా అడిగానా?"

పక్క గదిలో మిషను చాలాసేపటి నుంచి ఆగి ఉంది. ఎవరూ నవ్వలేదు.

"నువ్వు వద్దని కొట్టేసేముందు నాకు చెప్పి ఉంటే, పాతది లేదని చెప్పేవాణ్ని," అన్నాడు మేనేజరు మెల్లగా. "అదొక్కటీ చెబితే సరిపోయేది."

"నీ దాకా తేవద్దన్నావు."

"అన్నాను."

ఇద్దరూ నల్లబల్ల వైపు చూశారు. టిక్కు ఇంకా ఉంది, అడుగుభాగంలో సుద్ద విరిగిన చోట వంకరగా.

మధ్యాహ్నం మేనేజరు పైవాళ్లకి పంపాల్సిన కాగితం తెచ్చాడు. ఎవరి మాట మీద ఏం జరిగిందో పైవాళ్లు అడుగుతారు. 'కంప్యూటర్ల బాధ్యత చూసే మేస్త్రి సలహా మేరకు పాత సర్వర్ మూసివేయడమైనది' అని టైపు చేసి ఉంది. కింద ఒక్క సంతకానికే చోటుంది.

మేస్త్రి చదివాడు. కలం తీసి 'సలహా మేరకు' కొట్టేసి, పైన రాశాడు: 'పెట్టిన టిక్కు చూసి, అతన్ని అడగకుండా.'

"అడగకుండా అని ఎందుకు బావా?" అన్నాడు మేనేజరు. "నా ఉద్యోగం పోతుంది."

"అదీ నేను నేర్పిందే. చదివేవాళ్లకి తెలుస్తుందిలే, ఎవడు నేర్పాడో."

ఆ మాట కూడా పక్కనే రాశాడు, 'అలా నేర్పినది నేనే' అని. సంతకం పెట్టి ఇచ్చాడు. మేనేజరు కాగితం తీసుకుని నిలబడ్డాడు.  మేస్త్రి అప్పటికే వీపు తిప్పాడు. సాయంత్రం ఆ కాగితం పైకి వెళ్లింది. మేనేజరు దాన్ని మళ్లీ టైపు చేయించాడనీ, మేస్త్రి రాసినవేవీ అందులో లేవనీ బెల్టుల అక్క చెప్పింది.

"సంతకం?"

"నీదే. పాత కాగితం మీదున్నదాన్ని చూసి అలాగే దించారు."

మేస్త్రి తల ఊపాడు. 

ఎనిమిది వేల మందికి చెప్పాలి, పాత సాకెట్‌లు పారెయ్యొద్దని. వాళ్ల పేర్లూ ఫోను నంబర్లూ కూడా ఆకారాల పక్కనే ఉండేవి. చేతిలో మిగిలింది ఒక్క నంబరు, మంగళవారం వచ్చిన ఫోను.

"అమ్మా, ఆ చెక్కలు పారేశావా?"

"మీరేగా పారెయ్యమన్నారు."

అతను ఊపిరి వదలడం ఆమెకి వినబడినట్టుంది.

"ఏం మేస్త్రిగారూ?"

"నీ కాలు నా దగ్గర లేదమ్మా."

ఫోనులో వెనక ఎక్కడో బస్సు హారను మోగింది.

"ఒక చెక్క చెత్తబండివాడు పట్టుకుపోయాడు," అంది. "రెండోది ఉంది. గాలికి తలుపు కొట్టుకుంటుంటే అడ్డం పెట్టా."

"ఏ వైపుది? చేత్తో తడిమి చూడు. ఎముక దగ్గర గుంట ఉందా?"

ఆమె కర్రలు తీసుకోవడం, గది దాటడం, వంగడం అతను విన్నాడు. నేల మీద ప్లాస్టిక్ గీసుకున్న చప్పుడు.

"లేదు. నున్నగా ఉంది. వంపు తిరిగి ఉంది."

వెనక చెక్క. తొమ్మిది దిద్దుబాట్లలో వెనక చేసినవి రెండు. మిగతా ఏడూ ముందువైపువి.

"దాన్ని పంపమ్మా."

"దాంతో అవుతుందా? నెలాఖరుకి?"

మేస్త్రి అబద్ధం వెతికాడు. అలవాటు లేక దొరకలేదు.

"అవదు. నువ్వు రావాలి. మళ్లీ మొదటినుంచి."

"తొమ్మిదిసార్లా?"

"ఎనిమిదిసార్లకి చూస్తా."

ఆమె నవ్వినట్టుంది. లేకపోతే ఇంకేదో.

"తలుపుకి ఇంకేదైనా వెతుక్కోవాలి అయితే," అని పెట్టేసింది.

సోమవారం నాడు చుట్టిన మూసలో పోసిన ప్లాస్టరు ఎప్పుడో ఆరిపోయింది. మేస్త్రి వేలి కణుపుతో కొట్టి విన్నాడు. మంచి దిమ్మ. సుద్దముక్క జేబులోనే ఉంది, తియ్యలేదు. దాచుకుందామని మూసను పగలగొట్టకుండా ఊడదియ్యాలని చూశాడు. అంచు కింద కత్తి దూర్చాడు, నీళ్లు పోశాడు, రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. బెల్టుల అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"రాదయ్యా అలా. నీకు తెలీదా?"

చాలాసేపు తిప్పాడు. పక్కనున్న బల్ల మీద ఇంకో రెండు వరసలో ఉన్నాయి. బయట బెంచీ మీద ఒక ముసలాయన కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చివరికి మేస్త్రి సుత్తి తీసుకున్నాడు.